పేరుపేరునా, షియాన్ కోసం

మాటలన్నీ మేలు కోరుతూ, మనసు మాత్రం కీడు కోరుతూ చేసిన ప్రార్థనను దేవుడు ఏమని వింటాడు? సూర్యాపేటలో కారు ఎక్కినప్పటి నుంచి నన్ను నేను ఈ ప్రశ్నే అడుగుతున్నాను. జవాబు తెలియక కాదు. తెలిసీ ఆ పని చేయగలనా అన్నది తేల్చుకోవడానికి.

కారు నడుపుతున్నది పౌలు. మా చర్చి సంఘానికి పెద్ద. నాకంటే పదేళ్లు పెద్దవాడు, మనిషి భారీ, గొంతు అంతకంటే భారీ. మిర్యాలగూడలో ఆ రోజు ఉపవాస ప్రార్థన. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘాలు మూడూ నెలకొకసారి ఒకచోట కూడుతాయి. కూడి, ప్రధానంగా ఒక చైనా నగరంలోని సంఘాల కోసం ప్రార్థిస్తాయి.

ఇది ఎలా మొదలైందో చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక ప్రసంగీకుడు వచ్చి, ప్రతి ప్రాంతమూ లోకంలోని ఒక నగరాన్ని ప్రార్థనలో మోయాలని చెప్పాడు. కొత్త సంవత్సరం నాడు బైబిలు వాక్యం రాసిన వాగ్దానపు చీటీ తీసినట్టే మావాళ్లు చీటీ తీశారు. షియాన్ వచ్చింది. అప్పటికి ఆ నగరం ఏ దిక్కున ఉందో మాలో ఎవరికీ తెలియదు. కోదాడ సువార్తమ్మ మొదటి రోజే దాన్ని బైబిలులోని పరిశుద్ధ నగరం సీయోను అని విన్నది. ఇప్పటికీ అట్లాగే ప్రార్థిస్తుంది. ఒకసారి నేను దిద్దబోయాను.

"అమ్మా, అది సీయోను కాదు. షియాన్. చైనాలో ఉంది."

"నేను అంటుందీ అదేగా బాబూ," అన్నది సువార్తమ్మ. "చైనాలో ఉన్నంత మాత్రాన సీయోను కాకుండా పోద్దా ఏంటి?"

ఆ తర్వాత నేను దిద్దలేదు. తర్కం ఆగిపోయే చోట్లు కొన్ని ఉంటాయి.

ఇంకొక అలవాటు కూడా చెప్పాలి, ఎందుకంటే అంతా దాని మీదనే నిలిచింది. మా ప్రార్థనల్లో పేరు ఉండాలి. రోగి పేరు, ఊరు పేరు, దవాఖాన పేరు. పేరు పెట్టకుండా ప్రార్థిస్తే ఆమేన్ కూడా సన్నగా వస్తుంది. షియాన్ విషయంలో మావాళ్లకు ఉన్న లోటు అదే. ఇన్నేళ్లుగా ఒక నగరాన్ని మోస్తున్నారు, అందులో ఒక్క మనిషి పేరూ తెలియదు.

ఆ పేర్లు ఇప్పుడు నాకు తెలుసు.

"ఏం తమ్మీ, పొద్దుగాల్నుంచి మాటనే లేదు," అన్నాడు పౌలు. "ఉపవాసమని ఛాయ్ గూడ తాగలేదా?"

"తాగలేదన్నా."

"నేను తాగిన. ఛాయ్ నీళ్ల లెక్కనే. దేవుడు గంత సూక్ష్మం సూడడు."

నవ్వాడు. నేనూ నవ్వాను. ఏడాదిగా అతని పరిహాసాలకు నవ్వుతూనే ఉన్నాను.

పోయిన వానాకాలంలో నా భార్య ఇంద్రజ చనిపోయింది. ఆమెది తిరుమలగిరి, హిందూ కుటుంబం. పెళ్లయ్యాక ప్రతి ఆదివారమూ నాతో మా ప్రార్థన గుడికి వచ్చింది. పాటలన్నీ నాకంటే బాగా పాడేది. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. తల్లి సత్తమ్మ బతికి ఉన్నంతకాలం తీసుకోనని మాట ఇచ్చింది. "నీళ్లల్ల మునగకుంటె పాట రాదా ఏంది?" అనేది. సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు జరిగిన ప్రతిసారీ వందల మందికి పప్పు వండింది ఆమే. ఆ పప్పు తినేటప్పుడు ఆమెకు బాప్తిస్మం ఉందా అని ఎవరూ అడగలేదు.

అడిగింది సమాధుల తోట గేటు దగ్గర. అంబులెన్స్ వెనక తలుపు తెరిచి ఉంది. వాన పడుతోంది. పౌలు గొడుగు కింద నిలబడి, నిజంగానే కళ్లు తడి చేసుకుని అన్నాడు:

"తమ్మీ, బాధ నాకు గూడ ఉన్నది. గానీ సంఘంల పేరు లేని మనిషికి తోటల జాగ ఎట్లిస్తం? రేపు అందరు అడుగుతరు."

ఇంద్రజ తమ్ముడు వీరేశం నా భుజం పట్టుకున్నాడు. "నడువు బావా. మా అక్కకు మా చెల్కల జాగ ఉన్నది. వీళ్లను బతిమాలుడేంది?"

తిరుమలగిరిలో, పత్తి చేను గట్టు పక్కన, ఆమె చితికి నేనే నిప్పు పెట్టాను. ప్రార్థన చేయలేకపోయాను. తిరిగి వచ్చి మరుసటి ఆదివారం మామూలుగానే గుడికి వెళ్లాను. కృపాకర్ సార్ ఎంత క్షమించాడో అని అందరూ చెప్పుకున్నారు. పౌలు నన్ను కౌగిలించుకుని స్తోత్రం చెప్పాడు. మా సంఘ భాషలో కనిపెట్టడమంటే ప్రభువు కోసం ఎదురుచూడడం. నేను పౌలు కోసం కనిపెట్టాను.

చదివిన పుస్తకాలు నాకు సాయపడలేదు. కోపాన్ని జయించడం గురించి జ్ఞానులు చెప్పినదంతా కాలేజీలో పిల్లలకు వివరించగలను. కానీ వాళ్లెవరూ ఆ గేటు దగ్గర నిలబడలేదు. నిలబడినవాడికి కోపం ఒక జబ్బులా తోచదు. చనిపోయిన మనిషి పట్ల మిగిలిన ఒకే ఒక విశ్వాసంలా తోస్తుంది.

అవకాశం దీవెన రూపంలో వచ్చింది. దీవెన అంటే పౌలు ఒక్కగానొక్క కూతురు. ఇంటర్‌లో నా విద్యార్థిని. ఇప్పుడు ఎంబీబీఎస్ చదువుతున్నది షియాన్‌లోనే. తన ప్రార్థనలు ఫలించి దేవుడు కూతురినే అక్కడికి పంపాడని పౌలు మూడు ఊళ్లలోనూ సాక్ష్యం చెప్పాడు. సీటు అక్కడ దొరికింది కాబట్టి వెళ్లానని దీవెన నాతో అన్నది.

పది రోజుల కిందట ఆమె ఫోన్ చేసింది. అక్కడ ఒక ఇంట్లో, ప్రభుత్వ అనుమతి లేని చిన్న ప్రార్థన కూడికకు వెళుతున్నానని, దాన్ని నడిపే స్త్రీకి ఊపిరితిత్తుల జబ్బు ముదిరిందని చెప్పింది. ఆమె పేరు, ఆమె భర్త పేరు, వాళ్లు ఉండే వీధి పేరు చెప్పింది.

"పేరు లేకుండ ప్రార్థన చేసుడు మనకు రాదు గద సార్, అందుకే చెప్తున్న," అని నవ్వింది. వెంటనే నవ్వు ఆపింది. "నాన్నకు మాత్రం చెప్పకండి సార్. నాన్న అవి మైకుల చదువుతడు. అది యూట్యూబ్‌ల పోతది. వీళ్ల ఇంటి మీదికి పోలీసులొస్తరు. నా సంగతి ఎట్లున్నా, ఆమె తట్టుకోలేదు."

"చెప్పను," అన్నాను.

"ఇంద్రజ ఆంటీ ఉంటే ఆంటీకే చెప్పేదాన్ని," అన్నది దీవెన.

ఆ మాట నన్ను మెత్తబరచి ఉండాలి. అట్లా జరగలేదు. ఫోన్ పెట్టేసరికి పౌలును ఎక్కడ దెబ్బతీయాలో నాకు తెలిసిపోయింది. నేను ఏ పాపమూ చేయనక్కరలేదు. సభలో నిలబడి, ఆ రోగి కోసం, ఆ ఇంటి కోసం పేరుపేరునా ప్రార్థిస్తే చాలు. మూడు వందల మంది ఆమేన్ అంటారు. లేదా ఇంకా సులువుగా, ఆ పేర్లు పౌలుకే ఇస్తే చాలు. తన కూతురి తలుపు తనే, తన నోటితోనే బద్దలు కొడతాడు.

వేములపల్లి దాటాం. రోడ్డుకు రెండు పక్కలా నాట్లు వేసిన మళ్లు.

"దీవెన నీకు పేర్లు చెప్పిందట గద," అన్నాడు పౌలు. "వాళ్లమ్మ దగ్గర నోరు జారింది, ఎవరింట్లనో సాటుకు కూడుకుంటున్నరని గూడ. నాకైతే చెప్పలే. కన్నది నేను, నమ్మింది నిన్ను. సూడు కాలం ఎట్లొచ్చిందో."

"ఎందుకు చెప్పలేదో అడగలేదా?"

"అడిగిన. ‘నాన్నా, నీ నోరే ఒక మైకు’ అన్నది." గట్టిగా నవ్వాడు. "మైకే మరి! దేవుడిచ్చిన మైకు. జర చెప్పు తమ్మీ. ఇన్నేండ్ల సంది గాలిల ప్రార్థన చేస్తున్నం. ఇయ్యాల పేర్లు పెట్టి చేస్తే సభ దద్దరిల్లాలె."

"సభలోనే చెప్తానన్నా."

"గట్లనే కానియ్. నువ్వే చెయ్యి ప్రార్థన. నువ్వు క్షమించిన మనిషివి. నీ ప్రార్థనకు బలముంటది."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. నా పని అతనే చేసిపెడుతున్నాడు. అది నాకు తృప్తినిచ్చిందని ఒప్పుకోవాలి.

మిర్యాలగూడలో గుడి చుట్టూ మిల్లుల నుంచి వడ్లు ఉడుకుతున్న వాసన. ఉపవాసంలో ఉన్నవాళ్లకు అదొక శోధన. హాలు నిండింది. అక్కడి పాస్టరమ్మ లత వేదిక ముందు స్టాండుకు ఫోన్ బిగించి, ప్రత్యక్ష ప్రసారం మొదలుపెట్టింది. మా వాళ్లు గల్ఫ్‌లో, హైదరాబాద్‌లో కూర్చుని చూస్తారు. ఎవరైనా చూడవచ్చు.

సువార్తమ్మ ముందుగా ప్రార్థించింది. "నాయనా, సీయోనులో నీ బిడ్డలు ఎట్టా ఉన్నారో మాకు తెలవదు. నీకు తెలుసు. వాళ్ల గోడలు పడిపోనియ్యమాకయ్యా." దీవెన చెప్పగా విన్నాను, షియాన్ నగరం చుట్టూ నిజంగానే పాతకాలపు గోడ ఉందట. నా పక్కన కూర్చున్న కోదాడ కమలాబాయి మోచేత్తో పొడిచింది. "సార్, ఆ నగరం పేరు ముసలామెకు ఇయ్యాలైనా నేర్పండి. యూట్యూబ్‌లో నవ్వుతారండీ."

ఇంతలో పౌలు మైకు అందుకున్నాడు. మైకు చేతికి రాగానే అతని భాష మారిపోతుంది.

"ప్రియులారా, ఈ దినము మిక్కిలి విశేషమైన దినము. మనము ఎన్నో ఏండ్లుగా మోయుచున్న ఆ పట్టణములో, ఒక గృహములో, కొందరు రహస్యముగా కూడుచున్నారు. వారి నామములు మన సహోదరుడు కృపాకర్ ఎరిగియున్నాడు. ఆయన వచ్చి పేరుపేరునా వారిని ప్రభువు సన్నిధిలో నిలబెట్టును."

లేచాను. వేదిక వరకు నడిచిన ఆ కాస్త దూరంలో, ఏడాదిగా కనిపెట్టినది ఎట్లా జరుగుతుందో నాకు స్పష్టంగా కనిపించింది. నేను ప్రార్థిస్తాను. కొన్ని రోజులకు ఆ వీధిలో తలుపు చప్పుడవుతుంది. జబ్బుతో లేవలేని ఒక స్త్రీని లేపుతారు. దీవెన ఫోన్ మోగదు. పౌలు కూలిపోతాడు. నేను కోరుకున్నది అదే. కానీ ఆ తర్వాత? మూడు ఊళ్లూ అతని కోసం ఉపవాసం ఉంటాయి. అతని పేరు పెట్టి ఏడుస్తాయి. శ్రమ పడుతున్న బిడ్డకు తండ్రిగా అతను ఇంకా పెద్దవాడవుతాడు. మొదట అతన్ని ఓదార్చేది నేనే అవుతాను, ఎందుకంటే అందరూ నా వైపే చూస్తారు. ఆ గేటును, ఆ వానను, ఆ అంబులెన్స్‌ను అతను ఒక్కసారి కూడా తలచుకోడు. కొట్టింది ఎవరో, ఎందుకో తెలియని దెబ్బ ప్రతీకారం కాదు. అది ప్రమాదం. ప్రమాదాలకు అతను దేవుణ్ణి స్తుతించగలడు.

ఇక ఆ స్త్రీ. ఆమె ఇంద్రజను ఏ గేటు దగ్గరా ఆపలేదు. ఇంద్రజ వంటి మనిషికి తన ఇంట్లో చోటిచ్చే మనిషి కావచ్చు. ఆమె పేరును పౌలు మీదికి విసిరే రాయిగా నేను పది రోజులు నోట్లో పెట్టుకుని తిరిగాను.

కోపం తగ్గిందని అనుకోవద్దు. తగ్గలేదు. అది ఎవరికి చెందాలో మాత్రం నాకు తెలిసింది. అది పౌలు ఒక్కడిది. అతనికే, అతని ముఖం మీదనే, ఎందుకో చెప్పి ఇవ్వాలి.

నేను మైకు అందుకోకపోవడం చూసి, పౌలు మాటలు పొడిగించాడు. "ప్రియులారా, సంగతి ఏమనగా, నా కుమార్తె సహితము ఆ గృహములో..."

ఇక ఆలోచించడానికి ఏమీ లేదు. వేదిక ఎక్కలేదు. పక్కకు తిరిగి, లత ఫోన్‌ను స్టాండు మీది నుంచి లాగి ప్రసారం ఆపేశాను.

"అయ్యో సార్, లైవ్ పోతున్నది!" అన్నది లత.

"పోనివ్వమ్మా. ఇప్పటిదాకా పోయింది గూడ తీసెయ్. ఇప్పుడే, నా కండ్ల ముందట."

నా ముఖం చూసి ఆమె దాన్ని తీసేసింది. అది పోయేదాకా చూసి వేదిక ఎక్కాను. పౌలు చేతిలోని మైకు తీసుకుని, మీట నొక్కి దాని గొంతు ఆపాను. ముందు వరుసల్లోని వాళ్లకు వినపడేంత గట్టిగానే అన్నాను:

"ఆ పేర్లు ఈడ చెప్పి నీ బిడ్డను పట్టియ్యాలనే ఇయ్యాల నీ కారెక్కిన పౌలన్నా. నేను నిన్ను క్షమించలేదు. ఒక్కనాడు గూడ క్షమించలేదు."

అతని నోరు తెరుచుకుంది. దారి పొడవునా తన పక్క సీట్లో ఏం కూర్చుని వచ్చిందో అతనికి మెల్లగా అర్థమవుతుంటే, ఆ పెద్ద ముఖం రంగు మారడం నేను కళ్లారా చూశాను.

కుర్చీ లాగి అతని ముందు వేశాను.

"కూర్చో అన్నా. దీవెనకు ఏం ముప్పున్నదో చెప్త. గానీ ముందుగాల ఇంద్రజ గురించి మాట్లాడుదం. అందరి ముందట."