పలుకకుండా తెంపిన ఆకు

మా అవ్వ లక్ష్మవ్వకు పనికొచ్చే కన్ను ఒక్కటే, కుడిది. ఎడమది నేను పుట్టకముందే చెరుకు కోతల్లో ఆకు కోసుకుని పోయింది. ఆ ఒక్క కంటితోనే ఆమె మా పెరడంతా సాకింది. బాలింత స్నానానికి వావిలాకు, తలనూనెకు గుంటగలగరాకు, బియ్యానికి పురుగు పట్టకుండా ఎండు వేపాకు. పక్క ఊరు చందూర్ నుంచి కూడా వచ్చి అడిగి తీసుకుపోయేవాళ్లు.

అవ్వకు ఆకు తెంపడానికి ఒక పద్ధతి ఉండేది. పొద్దు పొడవకముందే పోవాలి. గడప దాటిన దగ్గర నుంచి ఆకు ఆమె చేతిలో పెట్టేదాకా ఎవరితోనూ పలుకరాదు. ఆకును నీళ్లతో కడగరాదు. మంచు మీదున్న ఆకుకే గుణమని ఆమె నమ్మకం. మాది మెథడిస్టు సంఘం. పాస్టరయ్య ఒకసారి నవ్వుతూ, "లక్ష్మవ్వా, ఈ పలుకకపోవుడు బైబిల్లో ఏ అధ్యాయంల ఉన్నది?" అని అడిగాడు.

"మనసుల ప్రార్థన నడుస్తుంటె నోటికేం పనయ్యా," అంది అవ్వ.

ఈ వానాకాలం మొదట్లో ఆమె కన్ను ఎర్రబడింది. మా అమ్మ రజిని నిజామాబాద్ తీసుకుపోయింది. డాక్టర్ చుక్కల మందు రాసి, ఉన్నది ఒక్క కన్నే, ఇంకేమీ పోయవద్దని చెప్పాడు. అవ్వ రెండు రోజులు వేయించుకుని సీసాను గూట్లో పెట్టేసింది.

"గ్రేసూ, గీ మందు పడ్తలేదే. పొన్నగంటి రసం రెండు చుక్కలు పడితె సల్లబడ్తది. పొద్దుగాల్ల తెంపుకరా."

పెరట్లో పొన్నగంటి మడి లేదు. మురుగు నీటి మోరీ తవ్వడానికి వచ్చిన జేసీబీ దాన్ని మట్టి కింద కప్పేసింది. అందుకని నేను మా ఊరి రైతు ఆత్మారాం చెరుకు తోట గట్టు మీదికి పోయాను. అక్కడ పొన్నగంటి మోకాలెత్తున పచ్చగా ఉంది. తెంపుతుంటే ఏదో మందు వాసన వచ్చింది. ఆ నెలలో మా ఊరంతా అదే వాసన. నా చున్నీకి కూడా ఉండేది.

తిరిగి వస్తుంటే ఆత్మారాం బండి మీద ఎదురొచ్చాడు.

"ఏం తెంపినవే పిల్లా?"

నేను తల అడ్డంగా ఊపి, ఆకును చున్నీలో దాచుకున్నాను.

"నోట్లె నీళ్లు పోసుకున్నవా ఏంది? మీ అవ్వ ఏమన్న జాదూ నేర్పిందా?" అని నవ్వి, మోటరు పెట్టడానికి పోయాడు. పలుకకుండా గెలిచానని నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

"ఎవ్వలతోనన్న పలికినవా?" అని అడిగింది అవ్వ.

"లేదవ్వా."

ఆమె ఆకును కంటి దగ్గర పెట్టుకుని చూసి తల ఊపింది. నేను రోట్లో దంచి, గుడ్డలో పిండి, రెండు చుక్కలు వేశాను. ఆమె దవడ బిగిసింది.

"మండుతుందా అవ్వా?"

"సెడు పోతుంది తియ్. మాపటికి ఇంకో రెండు చుక్కలు ఎయ్యి."

వేశాను.

మర్నాటికి రెప్ప ఉబ్బింది. మూడో రోజు నల్లగుడ్డు మీద తెల్లటి పొర కమ్మింది. ఆస్పత్రిలో డాక్టర్ లైటు వేసి చూసి, కన్ను కాలినట్టుందని, ఏం పోశారని గట్టిగా అడిగాడు. నేను నోరు తెరిచేలోపు అవ్వే చెప్పింది.

"ఏం పొయ్యలే సారూ. చెరుకాకు తాకింది."

అమ్మ నా వైపు చూసింది. నేను నేలను చూశాను. ఇరవై రోజులు వైద్యం చేయించాం. చివరికి అవ్వకు మిగిలింది వెలుగుకూ చీకటికీ తేడా తెలియడం, అంతే.

చూసిపోదామని ఆత్మారాం బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. వానల గురించి మాట్లాడాడు, చెరుకు గురించి మాట్లాడాడు. తర్వాత నన్ను చూసి ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు:

"గా దినం గట్టు దిక్కుకెల్లి వస్తుంటివి గద పిల్లా. ఏం తెంపినవంటె పలుకకపోతివి. పలికితె చెప్తుంటి. ముందటి దినం మాపటీలనే గట్టంత గడ్డిమందు కొట్టిన. ఆకు ముట్టొద్దు అంటుంటి."

బియ్యం చెరుగుతున్న అమ్మ చేతిలో చాట ఆగిపోయింది. ఆత్మారాం అవ్వ కంటిని చూశాడు, నా మొహం చూశాడు. బత్తాయిల సంచి అరుగు మీద పెట్టి, చెప్పులు వెతుక్కుని పోయాడు.

"కడిగినా కన్ను బతుకుతుండె," అంది అమ్మ నాతో. "ఒక్కసారన్న కడగకపోతివి."

"దాన్నేం అనకు. దాని నోరు కట్టింది నేను. కడగొద్దన్నది నేను," అంది అవ్వ గోడ వైపు తిరిగి.

నాలుగు రోజులకు చందూర్ నుంచి ఒకామె వచ్చింది. కూతురు బాలింత, స్నానానికి వావిలాకు కావాలంది.  అవ్వ నన్ను పిలిచింది.

"పో బిడ్డా. మన పెరట్లదే తెంపు."

అలవాటు కొద్దీ పెదవులు బిగించి గడప దాటాను.

"గ్రేసూ! మాట్లాడుకుంట తెంపు. నువ్వేడున్నవో నాకు తెల్వాలె."

వావిలి చెట్టు కింద నిలబడి కొమ్మ పట్టుకున్నాను. నోరు తెరిచాను. ఏం చెప్పాలి? ఆకు పచ్చగా ఉందని చెప్పాలా? ఆ రోజు కూడా పచ్చగానే ఉంది.

"గ్రేసూ? ఉన్నవా?"

 కొమ్మ విరిచాను. ఆ చప్పుడైనా ఆమెకు వినబడాలని మరో కొమ్మ కూడా విరిచాను.