పెట్టింది మేమే

బండి నిండటానికి ఇంకా కొన్ని బండలు తక్కువగా ఉండగా, గురమ్మకు తన బిడ్డ చచ్చిపోయిందని తెలిసింది.

"బండి నింపి పో. బిడ్డ యాడికీ పోదు," అన్నాడు మేస్త్రీ ఓబులేసు. గనిలో అందరూ విన్నారు. సుత్తులు ఆగలేదు.

కర్నూలులో కొత్త రాజధాని పెట్టి ఇంకా ఏడాది తిరగలేదు. బనగానపల్లె దగ్గరి ఆ నాపరాళ్ల గనిలో మాత్రం పాత రాజ్యమే. పొద్దున్నే కంట్రాక్టరు మేస్త్రీ చేత అందరికీ నల్లమందు ఉండలు ఊరికే పంచిపెట్టించేవాడు. ఎంత దయగలవాడో! మగవాళ్లు నడుంనొప్పి తెలియకుండా మింగేవారు. తల్లులు గోటితో గిల్లి చనుమొనకు రాసి పాలిచ్చేవారు. బిడ్డ సాయంత్రం దాకా నిద్రపోయేది. ఏడిస్తే తల్లికి కూలీ కోత.

ఆ రోజు కోడలికి ఆలస్యమవుతుందని, తానూ గనిలోనే పనిచేసే అత్త మహాదేవమ్మ ఇంటి దగ్గరే వేలికి రాసి బిడ్డకు నాకించింది. చెప్పడం మరిచింది. గని దగ్గర గురమ్మ మళ్లీ రాసింది.

బిడ్డను పూడ్చి వచ్చాక కూలీల సంఘం మనిషి సుంకప్ప అందరినీ గుడిసెల ముందు కూర్చోబెట్టాడు.

"రేపటి నుంచి గనిలో ఎవరూ నల్లమందు ముట్టగూడదు."

"నీదేం పోయిందప్పా! అది లేకుంటే నాకు బండ లేస్తాదా?" అని లేచాడు గోపన్న.

"నా బిడ్డ ఏడిస్తే కూలీ కోస్తారు. నువ్విస్తావా?" అంది విశ్వాసమ్మ.

సుంకప్ప ఆ సంగతే ఆలోచించలేదు. తీర్మానం ముందు, కడుపు తర్వాత. సంఘాలవాళ్లకు ఈ జబ్బు ఉన్నదే.

మహాదేవమ్మ నెత్తి కొట్టుకుంటోంది. "నా సేతుల్తో నేనే సంపితి!"

"నువ్వు సంపలే అత్తా," అంది గురమ్మ. "ఏడవనిచ్చింటే నా బిడ్డ బతికుండేది. ఏడిస్తే కూలీ కోసేటోడు సంపినాడు. గోపన్నా, నీ నొప్పి నీకు తెలిస్తే గదా ఈ బరువు మోయలేనని అడిగేది! బిడ్డల్ని సూసుకునేకి నీడలో ఒక మనిషిని పెట్టమందాం. వాడు పెట్టేదాకా బిడ్డల కాడ నేను కూసుంటా. నా సంకలో ఇంకెవరుండారు?"

"నీ కడుపుకు మా ఇంట్లో సంగటి ఉండాదిలే," అన్నాడు గోపన్న. "నేను ముట్టను."

మర్నాడు మేస్త్రీ నల్లమందు డబ్బీ తెరిస్తే ఒక్కరూ చెయ్యి చాపలేదు. మధ్యాహ్నానికి మగవాళ్లకు వణుకు పట్టుకుంది. గోపన్న వాంతి చేసుకున్నాడు. తడికెల నీడలో బిడ్డలు లేచి ఏడుపు అందుకున్నారు. గురమ్మ ఒకరిని దించి ఒకరిని ఎత్తుకుంటోంది. ఆ ఏడుపులకు ఆమె రవిక పాలతో తడిసిపోయింది.

"వాటి నోర్లు ముయ్యండి!" అని మేస్త్రీ అరిచాడు.

సుత్తులు ఆగిపోయాయి. గోపన్న వణుకుతూనే వచ్చి తడికె ముందు కూర్చున్నాడు. అతని వెనక అందరూ కూర్చున్నారు. మనిషిని పెట్టేదాకా బండ లేవదన్నారు.

కంట్రాక్టరు మనిషిని పెట్టలేదు, పోలీసులను పిలిపించాడు.

"బిడ్డకు నల్లమందు పెట్టి సంపింది నువ్వేనంట గదా? నడువ్," అన్నాడు జమేదారు.

గురమ్మ చేతిలోని బిడ్డను దాని తల్లికి అందించింది. ఏ మాట తలచుకుని రాత్రంతా కుమిలిందో, ఆ మాటనే వాళ్లు నేరం చేశారు. పోలీసులు ఆమెను లేపి వ్యాను ఎక్కించారు.

"ఆగు సామీ," అంటూ మహాదేవమ్మ వ్యానుకు అడ్డం వచ్చింది. "నేనూ పెట్టినా. నన్నూ ఎక్కించుకో."

"నేనూ పెట్టినా," అంది విశ్వాసమ్మ, బిడ్డను భుజాన వేసుకుని.

తల్లులందరూ లేచారు. నేనూ పెట్టినా, నేనూ పెట్టినా అంటూ ఏడ్చే బిడ్డలతో వ్యాను చుట్టూ మూగారు. జమేదారు లాఠీ ఎత్తాడు, ఎవరిని కొట్టాలో తెలియక దించాడు.

మహాదేవమ్మ ఓబులేసు చేతిలోని డబ్బీ లాక్కుని జమేదారు ముందు పెట్టింది.

"పెట్టింది మేమే. ఇచ్చినోని పేరు గూడా రాసుకో."