కొలతల పుస్తకంలో ఇల్లు

నలభై ఏళ్ళు ఊరందరి నడుములూ కొలిచిన టైలరమ్మకు డెబ్బై ఒకటో ఏట సొంత ఇంటి నడుము అందడం లేదు. నెలకు చేతికొచ్చే డబ్బు వంద గజాల గుడ్డ అనుకుంటే, ఇల్లు నూట పద్దెనిమిది గజాలు అడుగుతోంది. ఎటు తిప్పి పరిచినా పద్దెనిమిది గజాలు తరుగే.

ఆవిడ ఇంటి ఖర్చులు రాసేది పాత కొలతల పుస్తకంలోనే. గళ్ళు ముందే అచ్చయి ఉన్నాయి కాబట్టి పైకప్పు ఖర్చు 'భుజం' కింద, నీళ్ళ గొట్టాలు 'చెయ్యి' కింద, బీమా 'నడుము' కింద చేరాయి. ఇంటి పన్ను 'మెడ' కింద పడింది. ఆ ఒక్కటీ ఎవరో ఆలోచించి అచ్చు వేసినట్టే ఉందని ఆవిడ అభిప్రాయం. కొన్న రోజున డబ్బు లెక్కపెట్టి ఇచ్చేసి, హమ్మయ్య, అయిపోయిందనుకుంది. ఇల్లూ పిల్లలాంటిదే, కనడం ఒక్క రోజు పని, పెంచడం బతుకంతా అని తర్వాత తెలిసింది.

ఆరు ఇళ్ళ వరుసలో నాలుగోది ఆవిడది. ఐదోది చెల్లెలిది. మధ్య ఒకటే గోడ.

చెల్లెలు బస్సు కండక్టరుగా చేసి రిటైరయింది. ముప్పై ఏళ్ళపాటు అక్కాచెల్లెళ్ళు కలుసుకున్నది బస్‌స్టాండులోనే. అక్క ఉండే ఊళ్ళో చెల్లెలి బస్సు పది నిమిషాలు ఆగేది. ఊడిన గుండీ ఒకటి కుట్టేలోపు ఈల మోగేది. వేసేది కూడా చెల్లెలే. "నీ ఈల నువ్వే వేసుకుని పోతావుటే, కసాయిదానా!" అని అక్క వెక్కిరించేది. బస్సు మలుపు తిరిగాక ఏడ్చేది. ఇప్పటికీ వీధిలో ఎవరు ఈల వేసినా ఆవిడ చెయ్యి సూదీ దారం కోసం తడుముకుంటుంది. ఆ ఈల పడలేకే ఇద్దరూ ఉన్నదంతా ఊడ్చి, గోడకు అటొకటి ఇటొకటి ఇళ్ళు కొన్నారు.

ఆ గోడకు ఒక భాష ఉంది. ఒక దెబ్బ కొడితే లేచాననీ, రెండు కొడితే టీ పెట్టాను రమ్మనీ. మూడు కొడితే పడిపోయాను, పరుగెత్తుకు రమ్మని. ఇళ్ళు కొన్న ఈ నాలుగేళ్ళలో మూడు ఎప్పుడూ మోగలేదు.

రెండు నెలల కిందట ఇళ్ళ సంఘం కాగితం పంపింది. మూడేళ్ళలో పైకప్పు కొత్తగా వెయ్యాలి, ఎవరి వాటా వాళ్ళు నెలనెలా కట్టాలి. టైలరమ్మ లెక్కలో ఇంటికి ఇరవై గజాలు. సరిగ్గా ఆ వారమే, చెల్లెలు పళ్ళపేస్టు ట్యూబును కత్తెరతో కోసి లోపల గీకుతుండగా ఆవిడ కళ్ళారా చూసింది. 'పిచ్చిది, కట్టలేకపోతోంది. అభిమానం, నోరు తెరిచి అడగదు' అనుకుంది. ఎందుకైనా మంచిదని కుట్టు లోపల కాస్త గుడ్డ వదలకుండా ఆవిడ ఏనాడూ కత్తెర పట్టలేదు. భుజం గడిలో తన ఇరవై పక్కన చెల్లెలి ఇరవై కూడా రాసేసింది.

అలా వచ్చింది తరుగు. అడిగితే చెల్లెలు చిన్నబుచ్చుకుంటుంది. అడక్కపోతే ఇల్లు పోగొట్టుకుంటుంది. ఇద్దరిలో ఒకరైనా సొంత కప్పు కింద ఉండాలని, టైలరమ్మ తన ఇల్లు అమ్మకానికి పెట్టి బ్రోకరును పిలిచింది.

నాలుగింటికి బ్రోకరు వచ్చాడు. మనిషికంటే ముందు అత్తరు వచ్చింది.

"పక్కింటికి తెలియకూడదు బాబూ," అంది గొంతు తగ్గించి.

"ఈ వరుసలో అందరిదీ అదే మాటండీ!" అని అతను నవ్వి, గోడవైపు తిరిగాడు. "గట్టిదేనా?"

"అయ్యో, దాన్ని ముట్టుకో..."

ఠక్. ఠక్. ఠక్.

అవతల బకెట్టు దొర్లింది. తలుపు దడాలుమంది. తలనిండా సబ్బు నురగతో, ఒక్క కాలికే చెప్పుతో చెల్లెలు ఊడిపడింది.

"అక్కా! ఎక్కడ తగిలింది? తుంటా, మోకాలా?"

"నేను పడలేదే. నిలబడే ఉన్నాను."

"నిలబడి మూడు కొడతావా! నా గుండె జారి..." అప్పుడు బ్రోకరు కనిపించాడు ఆమెకు.

అతను గడియారం చూసుకున్నాడు. "మీది నాలుగున్నరకు కదండీ, అమ్మగారూ? నేనే వచ్చేవాణ్ణిగా!"

చెల్లెలి చెవి మీంచి నురగ టప్పున నేలమీద పడింది.

"నాలుగున్నరకు ఏమిటే?" అంది అక్క.

"నాలుగింటికి ఏమిటో ముందు నువ్వు చెప్పు."

"ఇద్దరూ పక్కింటికి చెప్పొద్దన్నారండీ. నేను చెప్పలేదు. ఇందులో నా తప్పేం..."

"నువ్వు కూర్చో!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. కూర్చున్నాడు.

"ఇల్లు అమ్ముతావా?" అంది చెల్లెలు. "రేపు ఎవడో వచ్చి ఇటు మేకు కొడితే, నేను టీ అనుకుని రావాలా?"

"నువ్వు పేస్టు ట్యూబు కోసుకుని గీక్కుంటుంటే నేను కళ్ళప్పగించి చూడాలా? పైకప్పుకు డబ్బుల్లేకేగా! అందుకే నీ వాటా నేనే రాసుకున్నాను."

"నా వాటా నువ్వు రాశావా? మరి నీ వాటా నేను రాశానే! ముందుగదిలో బల్బు తీసేసి, గుడ్డి వెలుగులో సూదికి దారం ఎక్కిస్తున్నావుగా!"

"నీ వాటాకు చాలకే తీశాను, తల్లీ!"

"మరి పేస్టు సంగతేమిటండీ?" బ్రోకరు ఉండబట్టలేక అడిగాడు.

"ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అలాగే కోస్తున్నానయ్యా. సంచిలో చిల్లర ఏరిన చేతులు, అడుగున మిగిలింది వదలవు."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"పది నిమిషాల స్టాపులో గుండీ కుట్టించుకోనా, పళ్ళు తోమి చూపించనా?"

టైలరమ్మ కొలతల పుస్తకం తెచ్చింది. చెల్లెలు పరుగున వెళ్ళి, తను ఖర్చులు రాసుకునే పాత ట్రిప్పు షీటు తెచ్చింది. అందులో ఇంటి డబ్బు వంద సీట్ల బస్సు. ఖర్చులు నూట పదిహేను మంది. పదిహేనుమంది మెట్లమీద వేలాడుతున్నారు. ఇద్దరూ తమ తమ లెక్కలోంచి అవతలివాళ్ళ వాటా కొట్టేశారు. అక్క గుడ్డలో రెండు గజాలు మిగిలాయి. చెల్లెలి బస్సులో ఐదు సీట్లు ఖాళీ అయ్యాయి.

"ఈ కొత్త కప్పు ఎన్నాళ్ళుంటుంది బాబూ?" అడిగింది టైలరమ్మ.

"పాతికేళ్ళు ఢోకా లేదండీ."

ఆవిడ మొహం చిన్నబోయింది. "పాతికేళ్ళా! అప్పటిదాకా నేనుంటానుటే?"

"డబ్బు కట్టాక ఉండక చస్తావా!" అంది చెల్లెలు.

మిగిలిన రెండు గజాల్లో ఒకటి బల్బుకు రాసింది టైలరమ్మ. రెండోది రాసి అరచేత్తో మూసింది. చెల్లెలు చెయ్యి లాగి చూసింది. 'పేస్టు' అని ఉంది.

"మరి నా సంగతి?" అన్నాడు బ్రోకరు.

చెల్లెలు అతన్ని గుమ్మందాకా సాగనంపి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసింది. "రైట్, రైట్!"

టైలరమ్మ చెయ్యి అలవాటుగా సూదీ దారం కోసం తడుముకుంది. స్కూటరు మలుపు తిరిగింది. అత్తరు కూడా వెళ్ళిపోయింది. చెల్లెలు మాత్రం తలమీద ఎండిన నురగతో గుమ్మంలోనే ఉంది.

"టీ ఇప్పుడే పెడతావా, నేను అటు పోయాక రెండు కొడతావా?"

"నువ్వెక్కడికీ పోవద్దు," అంది టైలరమ్మ, స్టవ్ వెలిగిస్తూ. "తల ఇక్కడే కడుక్కో. నీళ్ళు 'చెయ్యి' కింద రాసుకుంటాను."