ఆవిరిలో ఉప్పు

ఈదయ్య సాంబారు గిన్నె మూత తీసి ఆవిరిలోకి ముఖం వంచాడు. కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు. ముఖానికి వేడి తగిలింది, అంతే. మూత పెట్టేశాడు.

చిక్కడపల్లి సందులోని ఆ కర్రీ పాయింటులో ఏ వంటైనా ముందు దేవుడి పటం దగ్గరికి వెళ్ళాలి. నైవేద్యం అయ్యేదాకా ఎవరూ రుచి చూడకూడదు. గాంధీనగర్ నుంచి పెద్దవాళ్ళు ఆ నియమం కోసమే వస్తారు. ఉప్పు ఎంత పడిందో ఈదయ్య ఆవిరి వాసన పట్టి చెప్పేవాడు. "మావాడు ముక్కుతో ఉప్పు చూస్తాడండీ," అని యజమాని వీరరాఘవరావు కొనేవాళ్ళకు చెప్పుకుంటాడు.

పోయిన చలికాలం ఈదయ్యకు జ్వరం వచ్చి తగ్గింది. జ్వరంతో పోయిన వాసన పట్టే శక్తి మాత్రం తిరిగి రాలేదు. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

కూరగాయలు తరిగే దుర్గమ్మ కనిపెట్టింది. ఒకరోజు అతని వెనకాలే పోపు మాడుతున్నా అతను తిరిగి చూడలేదు.

"ముక్కు కిరాయికిచ్చినవా అన్న?" అంది. అతని ముఖం చూసి నవ్వు ఆపేసింది. "సారుకు చెప్పరాదు? జ్వరమొస్తే ఎవలకైనా అయితది."

"చెప్తే ఇగ నాతోని ఏం పని?"

అప్పటినుంచి ఆమె గోడవైపు తిరిగి, అరచేతిలో చుక్క వేసుకుని నాకేది. ఉప్పు సరిపోతే మూత మీద గరిటె వెల్లకిలా పెట్టేది. చాలకపోతే బోర్లా. ఈదయ్య గరిటె చూసి, ఆవిరి పీల్చి, యజమానికి వినబడేలా ఉప్పు సంగతి చెప్పేవాడు.

ఈరోజు దుర్గమ్మ సాంబారు అప్పటికే రుచి చూసింది. గరిటె ఇంకా పెట్టలేదు. పక్క గిన్నెలోని చారు చుక్క నోటి దగ్గరికి వెళ్ళేసరికి వీరరాఘవరావు లోపలికి వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? ఎంగిలి చేస్తున్నావా?"

ఆమె చెయ్యి చీరకు తుడుచుకుంది. ఈదయ్య వైపు ఒకసారి చూసింది. అతను పొయ్యి మంట తగ్గించాడు. తగ్గించాల్సిన పనేమీ లేదు.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఈయాల్నే సార్. ఆకలైంది."

ఇన్నేళ్ళలో ఆమె ఆకలి అనడం ఈదయ్య వినలేదు.

"అడిగితే అన్నం పెట్టనా?" ఆయన గొంతు పెంచలేదు. "రేపట్నుంచి రావద్దులే అమ్మా. ఈదయ్యా, ఆ చారు పారబొయ్యి."

నాకోసమే చూసింది సార్. ఆ ఒక్క మాట అంటే చాలు.

"సార్," అన్నాడు ఈదయ్య.

"ఏంటి?"

"చారు మళ్ళ పెడ్త."

దుర్గమ్మ కత్తిపీట కడిగి గోడకు ఆనించింది. టిఫిన్ డబ్బా తీసుకోవడానికి పొయ్యి పక్కకు వచ్చి, ఒక క్షణం నిలబడింది.

"పోతున్న అన్న," అంది.

అతను తల ఊపాడు. ఆమె చెప్పులు వేసుకుని నారాయణగూడ వైపు వెళ్ళిపోయింది.

బయట అశోక్‌నగర్ కోచింగ్ పిల్లలు డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు. "సాంబారు ఎలా ఉంది ఈదయ్యా?" అని వీరరాఘవరావు కౌంటరు దగ్గరినుంచి అడిగాడు.

ఈదయ్య పొయ్యి వైపు తిరిగాడు.

"ఇంకింత ఉప్పు పడాలె సార్."

"చూశారా, మూతైనా తియ్యలేదు," అని యజమాని పిల్లలతో అంటున్నాడు.

ఈదయ్య ఉప్పు గుప్పిట్లోకి తీసుకున్నాడు. మూత తియ్యాలంటే ముందు గరిటె తియ్యాలి. అది దుర్గమ్మ పెట్టినట్టే, బోర్లా ఉంది.