ఆరు దొంగ అంకెలు

నేను ఒక భూతద్దాన్ని. అనుమానం నా వృత్తి. నన్ను కొన్నవారు బెజవాడలో శాస్త్రగ్రంథాల ప్రచురణ సంస్థ స్థాపించిన దోనేపూడి వీరరాఘవయ్య. ఆయన రసాయన, వృక్షశాస్త్ర వాచకాలెన్ని వేసినా, సంస్థను నిలబెట్టినవి లాగరిథమ్ పట్టికలే. ఆ అంకెల పుస్తకం లేనిదే ఆనాటి విద్యార్థి పరీక్షకు వెళ్లేవాడు కాడు. అందులో రెండో పుటపై ‘అంకెలు సరిచూసినవారు: బి. సువార్తమ్మ, ఎం.ఏ.’ అని ఉండేది. రిటైరైన ఆ లెక్కల పంతులమ్మ చేతిలోనే నా జీవితం గడిచింది. ప్రతి అంకెనూ తిరిగి లెక్కగట్టిన తరువాతే ఆమె తన పేరు వేయనిచ్చేవారు.

ఐదో ముద్రణ ప్రూఫుల్లో ఆమెకు ఆరు తప్పులు దొరికాయి. ఆరూ చివరి స్థానంలోనే, ఒక్క అంకె తేడాతో. అచ్చు పొరపాట్లకు అంతటి క్రమశిక్షణ ఉండదని నాకు తోచింది. ఆమె ఎర్రసిరాతో దిద్దారు. మలి ప్రూఫులో ఆ తప్పులు చెక్కుచెదరలేదు.

“రాఘవయ్యగారూ, మీ కంపోజిటర్‌కి ఎర్రసిరా ఆనదా?”

“నేనే ఉంచమన్నానమ్మా. ఎవడో మన పుస్తకం మక్కీకి మక్కీ దించేస్తున్నాడు. ఈ ఆరూ వాడి పుస్తకంలో తేలాయా, దొరికిపోయినట్టే!”

“మరి ఈలోగా లెక్క తప్పే పిల్లల సంగతి?”

“ఆ కాస్త తేడా మీరు తప్ప ఎవరు పట్టుకుంటారండీ?”

“అయితే నా పేరు తీసెయ్యండి.”

“భలేవారే! కాలేజీలవాళ్లు కొనేది మీ పేరు చూసేగా?”

పుస్తకం ఆమె పేరుతోనే వెలువడింది. ఆమె ఆరు అంకెలకూ తప్పొప్పుల పట్టిక సొంత ఖర్చుతో అచ్చువేయించి, కింద సంతకం చేసి, కాలేజీలన్నింటికీ పోస్టు చేశారు. లైబ్రరీలవారు దాన్ని పుస్తకాల చివర అంటించుకున్నారు.

ఏడాదికి దొంగ ముద్రణ దొరికింది. యజమాని ఆత్రంగా నన్ను దానిపై జరిపారు. ఆరు తప్పులూ ఉన్నాయి. ఆయన ముఖం వెలిగింది. చివరి పుట తిప్పేసరికి సువార్తమ్మగారి తప్పొప్పుల పట్టిక, సంతకంతో సహా! ఆ మహానుభావుడు అంటించిన కాగితాన్ని కూడా వదలకుండా దించాడు.

“కోర్టుకెక్కుతానండీ!” అన్నారాయన.

“ఎక్కండి. మన తప్పులు నేనే చదివి వినిపిస్తాను.”

అదే సమయానికి ఒక విద్యార్థి వచ్చి, ఏ పట్టికలు కొనాలని ఆమెను అడిగాడు.

“ఆ దొంగ పుస్తకమే కొనుక్కో నాయనా. మా దాంట్లో తప్పులున్నాయి, దిద్దుబాటు లేదు.”

యజమాని నన్ను బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆరో ముద్రణలో ఆ అంకెలన్నీ సరిచేశారట. ఆమె పేరు ఆమె అనుమతితోనే వేశారట. తలుపు సందులోంచి విన్న మాటలివి. నేను చూడలేదు. కనుక ఇంకా నమ్మలేదు.