గోలీల మీద పడ్డ చూపు

పొద్దున లేవగానే మృదుల గోలీ వేసుకుంటుంది. బడికి వెళ్లే చీర కట్టుకుని జడ అల్లుకునే లోపలే ఆకలి మొదలవుతుంది. మామూలు ఆకలి కాదు, కడుపులో ఎవరో ఖాళీ గిన్నెను గరిటెతో గీకుతున్నట్టుండే ఆకలి. డాక్టరమ్మ చెప్పిన చిన్న పళ్లెంలో, డాక్టరమ్మ చెప్పినంతే ఉప్మా పెట్టుకుని, పక్కన కీరదోస ముక్కలు వేసుకుని బల్ల దగ్గర కూర్చుంటుంది. అత్తగారు జానకమ్మ ఎదురుగా కుర్చీ లాక్కుంటుంది. లాక్కుని ఉప్మా వంక చూస్తుంది.

ఉప్మా తరిగిపోతుంది. ఎండకు మడుగు ఇంకినట్టు అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వచ్చి నిమ్మకాయంత ముద్ద మిగులుతుంది. మృదుల ఆ ముద్ద తిని, నీళ్లు తాగి, బడికి పోతుంది.

జానకమ్మ కిట్టక చూసిన వస్తువు చిన్నదవుతుందని నాంపల్లిలో ఆ గల్లీకంతా తెలుసు. పెళ్లిళ్లలో ఆమె ఫంక్షన్ హాల్లో అడుగుపెట్టగానే వంటవాళ్లు లడ్డూల బుట్ట మీద గుడ్డ కప్పేవాళ్లు. ఆమె బేరానికి దిగితే కూరగాయల బండి పరశురాం వంకాయల్ని గోనెసంచి కిందికి తోసేవాడు. అంతకు మించి ఎవరూ పట్టించుకోలేదు. ఒకరికి గొంతు పెద్దది, ఒకరికి చెయ్యి దురుసు, ఆమెకు చూపు అట్లాంటిది. మనుషుల మీద మాత్రం పనిచెయ్యదు. చేసుంటే మృదుల ఈపాటికి ఆవగింజంత అయ్యుండేది.

మృదులకు రెండేళ్ల కింద బడిలో, స్టాఫ్ రూములో ఫిట్స్ వచ్చాయి. స్కాను తీస్తే మెదడులో మినపగింజంత మచ్చ కనబడింది. సరిగ్గా కడగని ఆకుకూరలోని పురుగు గుడ్లతో కూడా వస్తుంది, మీ తప్పేం లేదని డాక్టర్ సౌభాగ్య చెప్పి గోలీ రాసింది. దాంతో ఫిట్స్ ఆగాయి, ఆకలి పెరిగింది, ఒళ్లు వచ్చింది. ఒళ్లు తగ్గాలని ఇంకో గోలీకి మార్చి చూసింది. దానికి ఆకలి చచ్చిపోయింది కానీ దాంతోపాటు మాటలు కూడా జారిపోసాగాయి. ఒకరోజు బోర్డు మీద త్రిభుజం గీసి, దాన్నేమంటారో గుర్తురాక సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయింది. పిల్లలే అందించారు. ఆ సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరకు వెళ్లి, "మేడం, ఆకలన్నా ఓర్చుకుంట గానీ మాట పోతే నేను బతకలేను. పాతదే ఇయ్యున్రి" అంది.

"సరే. తిండి కొలిచి తినున్రి, ఆగి ఆగి నమలున్రి. గోలీ మాత్రం రవ్వంత కూడా తగ్గద్దు" అంది సౌభాగ్య.

ఇంట్లో ఈ లెక్క ఎవరికీ నచ్చలేదు. భర్త విజయేందర్‌కు అబిడ్స్‌లో సూట్‌కేసుల దుకాణం ఉంది. తన పక్కన మృదుల నడుస్తుంటే అతను రెండడుగులు ముందుకు పోయేవాడు. చుట్టాల ఫంక్షన్లకు ఆమెకు చెప్పకుండానే వెళ్లొచ్చేవాడు.

"రెండేండ్ల నుంచి ఫిట్స్ రాలే గదా, ఇంకెందుకే గోలీలు?" అన్నాడు ఒకరోజు.

"గోలీలు వేసుకుంటున్న కాబట్టే వస్తలేవు."

"అవి తిండి గోలీలు రా" అంది జానకమ్మ. "ఫిట్స్ పేరు చెప్పి బువ్వ మీద పడుతుంది."

మరుసటి రోజు నుంచి జానకమ్మ పళ్లెం వంక చూడటం మానేసి, అలమరలో ఉన్న గోలీల వంక చూడటం మొదలుపెట్టింది. అరచేతిలో గోలీ కందిబద్దంత కనిపించేసరికి మృదుల దాన్ని పట్టుకుని అత్త దగ్గరకు వెళ్లింది.

"అత్తమ్మా, మీకు దండం పెడుత. అన్నం మీద ఎంతసేపన్నా చూడున్రి. గోలీల మీద మాత్రం చూడకున్రి."

"నా ఇల్లు, నా కండ్లు. యాడ చూస్తనో నీకు అర్జీ పెట్టుకోవాల్నా?"

మృదుల కొత్త గోలీలు కొని హ్యాండ్‌బ్యాగులో, లోపలి జిప్పులో దాచింది. ఆ సంగతి మొగుడికి మాత్రమే చెప్పింది. ఎంతైనా మొగుడు కదా అనుకుంది.

అప్పుడు ఎండలు ముదిరాయి. ఒక ఆదివారం ఆమె అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య లెక్కల గైడు వెతుకుతోంది. నోట్లో ఇనుము రుచి తగిలింది. చేతిలో పుస్తకం దానంతటదే వణకడం చూసింది. తర్వాత ఏమీ తెలియలేదు.

కళ్లు తెరిచేసరికి జామకాయలమ్మే జంగమ్మ ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తన కొంగుతో నోరు తుడుస్తోంది. నాలుక తెగి రక్తం కారుతోంది. రోడ్డుకు అవతల దుకాణం మెట్ల మీద విజయేందర్ నిలబడి ఉన్నాడు. ఎవరెవరు చూస్తున్నారో చుట్టూ చూసుకుంటున్నాడు. అది పూర్తయ్యాకే రోడ్డు దాటి వచ్చాడు.

దవాఖానలో డాక్టర్ సౌభాగ్య బ్యాగులోంచి గోలీల రేకు తీసి చెవి దగ్గర ఊపింది. గోలీలు సగ్గుబియ్యంలా గలగలలాడాయి. పొద్దుటి హడావుడిలో వేలితో నొక్కి నోట్లో వేసుకోవడమే గానీ బ్యాగులో దాచాక మృదుల వాటిని పరీక్షగా చూడలేదు.

"ఎవరి చూపు?" అని అడిగింది డాక్టరమ్మ.

"మా అత్తమ్మది."

"బ్యాగుల ఉన్నవాటి మీద ఎట్ల పడ్డది?"

మృదుల మొగుడి వైపు తిరిగింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ, "నువ్వు స్నానానికి పోయినప్పుడు జర అమ్మ ముంగట పెట్టిన. సన్నగవుతవని చేసిన. గందుల తప్పేముంది?" అన్నాడు.

ఆమె కొత్త గోలీల చీటీ కోసం డాక్టరమ్మ వైపు చెయ్యి చాపింది. నాలుక వాచి ఉంది.

ఇంటికి వెళ్లగానే బట్టలు సర్దడం మొదలుపెట్టింది. జానకమ్మ గుమ్మానికి అడ్డంగా వచ్చింది. "అబిడ్స్ నడి బజార్ల పడి మా ఇజ్జత్ తీసినవ్. ఇప్పుడు మమ్మల్నే బద్నాం జేసి పోతవా? ఏముందే నీ తలకాయల, ఇంత పొగరు?"

అని చూసింది. ఏళ్లుగా పళ్లేల మీద, గిన్నెల మీద పరిచిన కోపమంతా ఒక్కచోట పోగేసి మృదుల నుదుటి మీద పెట్టింది. ఇదివరకైతే మృదుల తల దించుకునేది. ఈసారి దించలేదు. నిలబడి చూడనిచ్చింది. చూసి చూసి జానకమ్మ కళ్లలోంచి నీళ్లు కారాయి. మృదులకు తలలో ఎక్కడో లోపల పోపులో ఆవాలు చిటపటలాడినట్టయింది. ఇంకో ఫిట్ వస్తుందేమోనని గోడ పట్టుకుంది. రాలేదు. పెట్టె ఎత్తుకుని అత్తను పక్కకు జరిపి మెట్లు దిగింది.

కాచిగూడలో తోటి టీచర్ చంద్రిక ఉండే కిరాయి ఇంట్లో ఒక గది దొరికింది. అక్కడ కప్పుతో కొలిచి పెట్టుకున్న అన్నం కప్పు అన్నంలాగే ఉండేది. గోలీ గోలీలాగే ఉండేది. మొదట్లో కొన్నాళ్లు తినేముందు పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. తర్వాత ఆ అలవాటు పోయింది.

చలికాలంలో మళ్లీ స్కాను తీశారు. డాక్టర్ సౌభాగ్య పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ పక్కపక్కన వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది.

"మామూలుగా ఇవి తగ్గినా సున్నపు చుక్క లెక్క గుర్తు మిగులుతది. ఇది తుడిచేసినట్టు పోయింది. ఎవరన్నా చూసిన్రా?"

"ఔ మేడం. గట్టిగనే చూసిన్రు."

డాక్టరమ్మ తలాడించి, ఏదో రాసుకుంది. "ఇంకొన్నాళ్లు గిదే గోలీ వేసుకోవాలె. ఆ తర్వాత మెల్లమెల్లగ తగ్గించి ఆపేద్దాం. తొందరపడద్దు."

చంద్రిక నోట్లో నువ్వుగింజ నానదు. సంగతి స్టాఫ్ రూముకు పోయి, అక్కడి నుంచి గల్లీకి పోయింది. వారం తిరగకముందే జానకమ్మ బడి గేటు దగ్గర ఆటో దిగింది. వెనకాల విజయేందర్ ఉన్నాడు. మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు డబ్బాలు విప్పుకుంటున్నారు.

"నా చూపుతోటే బాగైనవంట" అంది జానకమ్మ. "ఇంటికి రా. వచ్చి నా కాళ్లు మొక్కు."

"అమ్మ లేకుంటే నీ బతుకేమయ్యేది?" అన్నాడు విజయేందర్.

మృదుల అతని వైపు చూడలేదు. "అత్తమ్మా, ఒక్క మాట అడుగుత. నేను బాగుపడాల్నని చూసిన్రా?"

జానకమ్మలో వంద అవలక్షణాలున్నాయి గానీ అబద్ధమాడే అలవాటు ఎన్నడూ లేదు. కొడుకు మోచేత్తో పొడుస్తున్నా వినకుండా నిటారుగా నిలబడింది.

"లేదు. నువ్వు నాశనం గావాల్నని చూసిన."

"మరి మొక్కుడెందుకు?"

జానకమ్మ వెనక్కి తిరిగింది. ఆటో ఎక్కింది. కొడుకు ఎక్కేవరకు కూడా ఆగమనలేదు.

ఆనాటి నుంచి ఆమె చూపు చెడిపోయింది. పరశురాం ఎక్కువ ధర చెప్తే కోపం వస్తుంది. కళ్లెత్తబోయి, వీడికెక్కడ మేలు జరిగిపోతుందోనని భయపడి దించుకుంటుంది. నాంపల్లి పెళ్లిళ్లలో ఇప్పుడు లడ్డూల మీద గుడ్డ కప్పడం లేదు. ఆమె బంతిలో తల వంచుకుని తన విస్తరి మాత్రమే చూసుకుంటూ తింటుంది. ఏం తిన్నా కడుపు నిండినట్టుండదని కోడళ్లున్న వాళ్లందరికీ చెప్పుకుంటుంది.

మృదుల ఆ మధ్యాహ్నం గేటు దగ్గర నుంచి క్లాసుకు వెళ్లి డబ్బా తెరిచింది. గోలీ ఇంకా ఉంది కాబట్టి ఆకలీ ఉంది. కొలిచి తెచ్చుకున్నదంతా మెల్లగా నమిలి తిన్నది. తిన్నాక కూడా కొంచెం ఆకలి మిగిలింది. దాన్ని అట్లాగే ఉండనిచ్చి, చెయ్యి కడుక్కుని, బోర్డు మీద త్రిభుజం గీసింది.