పలుపుతో సహా

మా ఆయన శ్రీనివాసరాజు గారికి భీమవరం దగ్గర చేపల చెరువులున్నాయి. కానీ ఆయన ప్రాణమంతా ఇంటి వెనక పాకలో పెంచే పొట్టి జాతి ఆవుల మీదే. జాతి చెడకూడదని ఎక్కడెక్కడి నుంచో ఆంబోతుల్ని తెప్పించేవారు. పుట్టిన దూడల్లో ఒక్కదాన్నీ అమ్మలేదు.

"ఆవుల నష్టాన్ని చేపల లాభంలో తగ్గించి చూపిస్తున్నాం కదండీ. ఒక్కటైనా అమ్మకపోతే ఇన్‌కంటాక్స్ వాళ్లు దీన్ని వ్యాపారం అనరండి, హాబీ అంటారు," అన్నాడు ఆడిటర్ ప్రసన్నకుమార్.

అలా పున్నమిని పంపేశాం. తెల్లటి పెయ్య. సాయంత్రం దీపం పెట్టే వేళకు గడప దగ్గరకొచ్చి, హారతయ్యాక అరటిపండు పెట్టేదాకా కదిలేది కాదు. పెద్దాపురం నుంచి వీరవేణి గారనే ఆవిడ వచ్చి కొనుక్కెళ్లారు. ఆ తర్వాత కూడా అలవాటుగా పండు పట్టుకుని వెనక్కి తిరిగేదాన్ని. గడప బోసిగా ఉండేది.

అయినా ఇన్‌కంటాక్స్ నోటీసు రానే వచ్చింది. ఆవుల సంగతి నాకూ తెలుసని మా ఆయన నన్ను కూడా ఆఫీసుకు తీసుకెళ్లారు. ఆఫీసరు గారు బిల్లు చూసి, "ఇన్నేళ్లలో అమ్మింది ఇదొక్కటేనా? పలుపు ఉంచుకున్నారాండీ?" అన్నారు.

మా ఆయన తెల్లబోయారు. మా వైపు పశువును అమ్మితే మెడలో పలుపు విప్పి ఉంచుకుంటారు. కొన్నవాళ్లు తమ తాడు కట్టి తోలుకెళ్తారు. పలుపు కూడా ఇచ్చేస్తే ఇంట్లో పాడి పోతుందని నమ్మకం.

"లేదండి. కొత్త తాడు ఒరుసుకుంటుందని దాని పలుపుతోనే పంపామండి," అన్నాను నేను.

ఆఫీసరు గారు నవ్వారు. "ఇది అమ్మకం కాదమ్మా, అప్పగింతలు. లెక్కలూ అదే చెబుతున్నాయి. హాబీయేనండి రాజుగారూ. టాక్సు కట్టాల్సిందే."

దేవుడు క్షమించాలి, నాకు సంతోషం వేసింది. బయటికి రాగానే, "ఇక అమ్మి చూపించక్కర్లేదుగా. పున్నమిని తెచ్చేసుకుందామండీ," అన్నాను.

"టాక్సు పడిందని నేనేడుస్తుంటే నీకు పండగలా ఉందేంటి మాణిక్యం?" అన్నారు గానీ, కారు పెద్దాపురం వైపే పోనిమ్మన్నారు.

పున్నమి బాగా ఎదిగింది. నా గొంతు విని చెవులు నిక్కించింది. నేను ఎర్రదారం కలిపి పేనిన పలుపే ఇంకా దాని మెడలో ఉంది. మా ఆయన మొహమాటపడుతూ, పున్నమిని తిరిగి ఇమ్మని అడిగారు.

వీరవేణి గారు దాని మెడలో పలుపు సవరించారు. "పలుపుతో సహా ఇచ్చారని మా అత్తగారు ఊరంతా చెప్పుకున్నారండి. దాని మీద ఆశ కూడా ఉంచుకోకుండా ఇచ్చారు, ఎంత మంచోళ్లో అని. ఇప్పుడు ఆవిడకి ఏం చెప్పమంటారండీ?"

 పున్నమి గంగడోలు నిమిరి వచ్చేశాను.

ఇంటికొచ్చి దీపం పెట్టాను. స్వామీ, అమ్మకపోతే వ్యాపారం కాదన్నారు. అమ్మినా కాదన్నారు. మరి దాన్నెందుకు పంపించావయ్యా? అని అడిగాను. దీపం నిశ్చలంగా వెలుగుతోంది.

పండు పట్టుకుని పాకలోకి వెళ్తే, మా ఆయన పున్నమిని కట్టే గాట దగ్గర ఉత్త కట్టుకొయ్య పట్టుకుని నిలబడి ఉన్నారు.

"పలుపైనా ఉంచుకోవాల్సింది మాణిక్యం," అన్నారు.